రెండు పరుగుల రాజావారు

పీట వేసి పిలిస్తే కూర్చోవడం అందరికీ వచ్చు. కూర్చున్న పీట మీంచి, ఎవరూ లెమ్మనకుండానే లేవడం మాత్రం నూటికి ఒక్కరికి కూడా రాదు. పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీలు చూడండి, గుడి కమిటీలు చూడండి, సభల్లో వేదికలు చూడండి. అధ్యక్షుల వారు "రెండే రెండు మాటలు" అని మొదలుపెడతారు. అసలు మాట్లాడాల్సిన పెద్దమనిషి పక్క కుర్చీలో మంచినీళ్లు తాగుతూ, గడియారం చూసుకుంటూ ఉంటాడు. తప్పంతా అధ్యక్షుల వారిదే అని నేననను. మైకు ముందు నిలబడ్డాక, ఎదర ఉన్న జనమంతా తన కోసమే వచ్చారనిపించడం మానవ సహజం.

అందుకే నాకో ధర్మసందేహం. అర్హత ఉన్నవాడు పీఠం ఎక్కితే గొప్పవాడంటాం. సరే. ఆ అర్హత తనకి లేదని తనంతట తాను తెలుసుకుని, ఎక్కిన పీఠం దిగి, అర్హుడికి దారి ఇచ్చినవాణ్ణి ఏమనాలి? వాడి గొప్ప ఏ ఖాతాలో రాయాలి?

ఈ సందేహం నాకు పురాణాల్లోంచి రాలేదు, క్రికెట్లోంచి వచ్చింది. నవ్వకండి. వేసవి వచ్చిందంటే మా మండపేటలో మామిడిపళ్ల వాసనా, టీవీలో క్రికెట్ హోరూ రెండూ కలిసే వస్తాయి. సాయంత్రం ఏడు దాటితే నా ఇంట్లో నాకే చోటుండదు. అలాంటి ఓ సాయంత్రం ఊరుకోలేక, "మనవాళ్లకి మొట్టమొదటి కెప్టెన్ ఎవర్రా?" అని అడిగాను. "సీకే నాయుడు" అన్నాడు మా అబ్బాయి, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "అయితే తెలుగువాడేనా?" అన్నాను. "ఏమోనమ్మా, నాగపూర్ అనుకుంటా" అన్నాడు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న ప్రాణం కదా, ఊరుకోలేదు. చదవడం మొదలుపెట్టాను. నాయుడుగారి కోసం వెళ్లినదాన్ని, దారిలో ఇంకొకాయన దగ్గర ఆగిపోయాను.

ముందు నాయుడుగారి సంగతి చెప్పుకోవాలి. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. పూర్వీకులది మచిలీపట్నం ప్రాంతం. తాతగారూ వకీలే, కేంబ్రిడ్జిలో చదువుకొచ్చిన తండ్రిగారూ వకీలే. ఆ రోజుల్లో బొంబాయిలో క్రికెట్ జట్లు మతాల పేర్లతో ఉండేవి. 1916లో హిందువుల జట్టులో, యూరోపియన్ల మీద, ఈయన తొలి పెద్ద మ్యాచ్ ఆడారు. జట్టు కూలిపోతుంటే తొమ్మిదోవాడుగా వచ్చి, మూడు బంతులు బుద్ధిగా ఆపి, నాలుగోదాన్ని సిక్సర్ కొట్టారట. 1923లో ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ పిలిచి, తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చారు. తర్వాత కర్నల్ అయ్యారు. అందుకే ఇప్పటికీ ఆయన పేరు చెప్పేటప్పుడు ముందు "కర్నల్" అంటారు.

1926 డిసెంబరు 1 మాత్రం మామూలు రోజు కాదు. ఇంగ్లండు నుంచి ఎమ్.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో నాయుడుగారు రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు. ఇప్పటి పిల్లలకి ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. అప్పటి బ్యాట్లు వేరు, ఆట తీరు వేరు. పైగా దేశం పరాయివాడి చేతిలో ఉన్న రోజులు. దొరగారి బంతి జనం నెత్తి మీంచి ఎగిరి అవతల పడుతుంటే చూసినవాళ్ల గుండెలు ఎలా పొంగి ఉంటాయో ఊహించుకోండి. ఎమ్.సి.సి. వాళ్లే మెచ్చి ఆయనకి వెండి బ్యాటు బహూకరించారు. మనకీ ఒక క్రికెట్ బోర్డు ఉండాలన్న ఆలోచన గట్టిపడి, 1928లో బోర్డు ఏర్పడింది. 1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడడానికి ఇంగ్లండు ప్రయాణమైంది.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. కెప్టెన్ ఎవరు?

ఆట తెలిసిన ఎవర్నడిగినా నాయుడు పేరే చెప్పి ఉండేవారు. కాని అడిగింది ఆట గురించి కాదు. ఓడ ఖర్చులూ, విందులూ, ఉపన్యాసాలూ ఉన్న వ్యవహారం. జట్టుని పోషించేది రాజులు కాబట్టి జట్టుని నడిపేదీ రాజే అయి ఉండాలనుకున్నారు. ఈ జబ్బు మనకొక్కళ్లకే లేదు లెండి. ఇంగ్లండులో మాత్రం? జీతానికి ఆడేవాడు ఎంత మొనగాడైనా కెప్టెన్ కాకూడదు, పెద్దింటి దొరబాబే కావాలి. జాక్ హాబ్స్ అంతటివాడు ఆ లెక్కలోనే కెప్టెన్ కాకుండా ఉండిపోయాడు. ఆ గోడ బద్దలై లెన్ హటన్ కెప్టెన్ అయ్యేసరికి 1952 వచ్చింది. వెస్టిండీస్‌లో ఫ్రాంక్ వోరెల్ అనే నల్లజాతి ఆటగాడికి ఒక సిరీస్ మొత్తం నడిపే అధికారం 1960లో గాని దక్కలేదు. పీఠాల దగ్గర ప్రపంచమంతా ఒక్కటే ఊరు.

మనవాళ్లు ముందు పటియాలా మహారాజుని అనుకున్నారు. ఆయన రాలేకపోయారు. చివరికి పోరుబందరు మహారాజు రాణా నట్వర్‌సింహ్‌జీ కెప్టెన్ అయ్యారు. పోరుబందరంటే గాంధీగారు పుట్టిన ఊరే. జట్టు ఇంగ్లండులో ఆడుతున్న ఆ నెలల్లో గాంధీగారు ఎరవాడ జైల్లో ఉన్నారు. వైస్ కెప్టెన్ ఇంకో రాకుమారుడు, లింబ్డీ సంస్థానం ఆయన, కెప్టెన్‌గారికి బావమరిది వరస. అంతా ఇంట్లో వ్యవహారమే.

పోరుబందరు రాజావారు చదువుకున్న మనిషి, సంగీతం తెలిసిన మనిషి, మర్యాదస్తుడు. ఒక్క క్రికెట్టే అంతంతమాత్రం. ఆ పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన చేసిన పరుగులు రెండు. అక్షరాలా రెండు. చేసిన పరుగుల కన్నా ఇంటి దగ్గరున్న రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని ఓ ఛలోక్తి కూడా పుట్టింది.

నవ్వుకోవడం అయిందా? ఇప్పుడు ఆయన స్థానంలో కాసేపు కూర్చోండి. మీరు మహారాజు. పుట్టిన దగ్గర్నుంచి మీ మాటకి "చిత్తం" తప్ప ఇంకో జవాబు వినలేదు. మీ దేశం ఆడబోయే మొట్టమొదటి టెస్టు మ్యాచ్. లార్డ్స్ మైదానం. ఆ పొద్దున టాసు వేసినవాడి పేరు చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది. మీరు ఆడితే కాదనగలవాడు ఆ ఓడలో ఒక్కడు లేడు. ఏం చేస్తారు?

ఆయన పక్కకి తప్పుకున్నారు. బావమరిదిగారూ తప్పుకున్నారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత జట్టుని నడిపించుకుంటూ మైదానంలోకి దిగినవాడు కొఠారి కనకయ్య నాయుడు. ఇంగ్లండు ఒక మామూలు జీతగాడిని కెప్టెన్ చెయ్యడానికి ఇంకా ఇరవయ్యేళ్లు ఉంది. ఆలోపే, రాజుల సొమ్ముతో వెళ్లిన మన జట్టు, రాజుగారిని పక్కన కూర్చోబెట్టి ఒక వకీలు కొడుకు వెనక నడిచింది.

ఆ రోజు ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండు 19 పరుగులకి మూడు వికెట్లు పోగొట్టుకుంది. నాయుడుగారికి ఫీల్డింగులో చేతికి గట్టి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టి 40 చేశారు. మన మొదటి ఇన్నింగ్స్‌లో అదే పెద్ద స్కోరు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. అయినా అది తల దించుకునే ఓటమి కాదు. ఆ పర్యటనలో ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లోనే ఆయన 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. క్రికెట్ వాళ్లకి పంచాంగం లాంటి విజ్డెన్ పుస్తకం మర్నాటి ఏడు ఆయన్ని అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

రెండు పరుగులాయనా, పదహారువందల పరుగులాయనా. ఎవరు గొప్ప అని అడిగితే చిన్నపిల్లాడైనా చెబుతాడు. కాని ఆ రెండు పరుగులాయన లార్డ్స్ పొద్దున మొండికేసి ఉంటే, ఈ పదహారువందల పరుగులాయన పేరు ముందు "తొలి కెప్టెన్" అన్న మాట ఉండేది కాదు.

"అదేమంత త్యాగం? ఆట రాదు కాబట్టి తప్పుకున్నాడు" అన్నారు మావారు, పేపరు చాటు నుంచి. నిజమే, త్యాగం కాదు. తనది కానిది తిరిగి ఇచ్చెయ్యడం దానం కాదు, బాకీ తీర్చడం. కాని బాకీ తీర్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో మా ఊళ్లో రైస్ మిల్లుల వాళ్లనడగండి, ధాన్యం కమీషన్ వాళ్లనడగండి, చెబుతారు. రానిది రాదని ఎదటివాడి గురించి చెప్పడం తేలిక. అద్దం ముందు నిలబడి చెప్పుకోవడం కష్టం. చుట్టూ చేరినవాళ్లంతా "మీ అంతవారు లేరు" అంటున్నప్పుడు మరీ కష్టం. రాజుల దగ్గర అద్దాలు ఎక్కువే గాని, నిజం చెప్పే అద్దాలు తక్కువ.

ఇక్కడ మనకి భరతుడు గుర్తుకి రాకుండా ఉండడు. సింహాసనం ఖాళీగా ఉంది, తల్లి సంపాదించి పెట్టింది, ఎక్కి కూర్చుంటే అడ్డం లేదు. అయినా పాదుకలు పెట్టి తను కిందే ఉన్నాడు. మనం రాముడికి గుళ్లు కట్టాం. భరతుడికి విడిగా గుడి కట్టిన ఊళ్లు బహు అరుదు. ఎక్కువగా రాముడి పక్కనో, వెనకనో నిలబెడతాం, అంతే. తప్పుకున్నవాడికి మనం ఇచ్చే చోటు అదే.

అయితే తప్పుకోవడంలో రకాలున్నాయి. తోస్తే దిగేవాళ్లు ఒక రకం. దిగి, కుర్చీ వెనకే నిలబడి, కూర్చున్నవాడి చెవిలో నస పెట్టేవాళ్లు ఇంకో రకం. నిజంగా దిగడమంటే ఏమిటో నేను రామాయణంలో కన్నా మా వంటింట్లో బాగా చూశాను.

మా అత్తగారి ఆవకాయ అంటే చుట్టాల్లో పేరు. నలభయ్యేళ్ల పాటు ఆ ఇంట్లో ఆవకాయ ఆవిడ చేత్తో తప్ప కలవలేదు. కొత్తపల్లి కొబ్బరి కాయలు తెప్పించడం దగ్గర్నుంచి, జాడీ మూతికి గుడ్డ కట్టేదాకా ఆవిడే. ఓ ఏడాది ముక్కలు కొట్టి, తుడిచి, ఆవపిండీ కారం ఉప్పూ పళ్లెంలో పోసి, నూనె గిన్నె దగ్గర పెట్టుకున్నాక, ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, "చిన్నమ్మాయ్, ఈసారి నువ్వు కలుపు" అన్నారు, మా తోడికోడలితో. పెద్దకోడల్ని నేను ఎదురుగా ఉన్నాను. వరస ప్రకారం నాది. కాస్త చురుక్కుమన్న మాట నిజం. కాని పాళ్లు చేతిలో ఉన్నది దానికే అని నాకూ తెలుసు, అత్తగారికీ తెలుసు. ఆవిడ వరస చూడలేదు, చెయ్యి చూశారు.

అదీ గొప్ప కాదు. ఆ తర్వాత ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చున్నారు చూడండి, అదీ గొప్ప. ఒక్క మాట లేదు. అది ఉప్పు పోస్తుంటే ఆవిడ వేళ్లు కదిలాయి, పెదవులు కదలలేదు. మూడోనాడు జాడీ తిరగకలిపినప్పుడు కొంచెం నాలిక మీద వేసుకుని, "అన్నంలోకి నెయ్యి కాచండి" అన్నారు. అంతే తీర్పు. అధికారం ఇచ్చెయ్యడం సగం పనేనని, ఇచ్చాక నోరు కట్టుకోవడం రెండో సగమని నాకు ఆ రోజు తెలిసింది. పోరుబందరు రాజావారు కూడా ఇంటికి వెళ్లిపోలేదు. పర్యటనకి పేరుకి కెప్టెన్‌గా ఉంటూ, విందులకీ ఉపన్యాసాలకీ తనే వెళ్లారు. చేతనైన పని తను చేశారు, చేతకాని పని అప్పగించారు.

ఇంతా చేసి, తప్పుకున్నంత మాత్రాన అంతా సుఖాంతం అవుతుందనుకోకండి. నాయుడుగారి కింద ఆడమని కొందరు ఆటగాళ్లు మ్యాచ్ ముందు రాత్రి మొరాయించారనీ, పెద్దవాళ్లు గట్టిగా చెప్పాక దారికొచ్చారనీ అంటారు. మనతోటివాడు పైకెక్కితే ఓర్వలేకపోవడం ఒక కారణమైతే, ఆయన మెత్తని మనిషి కాకపోవడం ఇంకోటి. క్రమశిక్షణ అంటే ప్రాణం. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద హోల్కర్ జట్టుకి ఆయనే కెప్టెన్. తమ్ముడు సీఎస్ నాయుడు ఆ ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు. ఒక మ్యాచ్‌లో అన్ని బంతులు వేసినవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. తమ్ముడి భుజం ఏమై ఉంటుందో అన్నగారు ఆలోచించారో లేదో! అలాగని తనకొక నీతి, తమ్ముడికొక నీతి కాదు. యాభై దాటిన వయసులో ఫాడ్కర్ వేసిన బంతికి రెండు పళ్లు ఊడితే, వాటిని పక్కకి నెట్టి, వేగం తగ్గించకుండా వెయ్యమన్నారని చెప్పుకుంటారు. అర్హుడు అంటే అందరికీ ఇష్టుడు అని కాదు. దారి ఇచ్చేవాడు ఈ సంగతి తెలిసే ఇవ్వాలి.

దారి ఇవ్వకపోతే ఏమవుతుందో నాలుగేళ్లకే తెలిసింది. 1936 ఇంగ్లండు పర్యటనకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, లోకం పిలిచే పేరు విజ్జీ. ఈయనా మన తెలుగువాడే. 1932లో ఈయన్ని ఉప వైస్ కెప్టెన్ అన్నారు, ఆరోగ్యం పేరు చెప్పి మానుకున్నారు. ఈసారి పీఠమే దక్కింది. వదల్లేదు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. జట్టు ముక్కచెక్కలైంది. మంచి ఊపు మీద ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడకుండానే మధ్యలో ఇంటికి పంపేశారు. పొద్దున ఫలహారం బల్ల దగ్గర నాయుడుగారిని అవమానించినందుకు ఒకాయనకి జట్టులో చోటు దొరికిందని కూడా చెప్పుకున్నారు. తర్వాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగి, ఆ నాయకత్వాన్నే తప్పు పట్టింది. నలభయ్యేళ్ల నాయుడుగారు ఆ కెప్టెన్ కిందే, నోరు మెదపకుండా ఆడారు. తన ఆఖరి టెస్టులో, ఓవల్ మైదానంలో, అలెన్ బంతి ఒంటికి తగిలి విలవిల్లాడి, మళ్లీ నిలబడి 81 చేశారు. ఏడు టెస్టుల్లో అదే ఆయన పెద్ద స్కోరు.

విజ్జీగారిని రాక్షసుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. జాక్ హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ 1930లో తన జట్టుతో ఈ దేశంలో ఆడించింది ఆయనే. తర్వాత బోర్డు అధ్యక్షుడై పని చేశారు. ఆటని ఆయన ప్రేమించారు. అదే చిక్కు. ప్రేమించినవాళ్లే వదల్లేరు. అధికారం కోసం పట్టుకు కూర్చునేవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. "నేను లేకపోతే ఇది పాడైపోతుంది" అని ప్రేమతో పట్టుకు కూర్చునే తండ్రిని, అత్తగారిని, సంఘాధ్యక్షుణ్ణి ఏమనగలం?

న్యాయంగా మాట్లాడాలంటే ఈ ప్రశ్న నాయుడుగారిని కూడా అడగాలి. ఆయన మాత్రం ఎప్పుడు తప్పుకున్నారు? ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953లో, మన ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగితే, కెప్టెన్‌గా నడిపింది యాభై ఎనిమిదేళ్ల నాయుడుగారే. కొత్త జట్టుకి పెద్దదిక్కు కావాలి, బాగానే ఉంది. 1956-57లో అరవై ఒకటో ఏట ఉత్తరప్రదేశ్‌కి ఆడారు. ఆ పదకొండు చోట్లలో ఒకటి ఏ ఇరవయ్యేళ్ల కుర్రాడిదో కదా? ఆ కుర్రాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. నాయుడుగారు ఆ వయసులోనూ అర్ధసెంచరీ కొట్టారు కాబట్టి, పేరు చూపించి కాదు, పరుగులు చూపించే ఆడారని సమాధానం చెప్పొచ్చు. సగం సమాధానమే అది. మిగతా సగం నాకు దొరకలేదు. పద్మభూషణ్ అందుకుని, 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. కూతురు చంద్రా నాయుడు, ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి, క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి భారతీయ మహిళ, 1995లో తండ్రి మీద పుస్తకం రాసింది. బోర్డు ఇప్పటికీ ఆయన పేరుతో జీవన సాఫల్య పురస్కారం ఇస్తోంది.

పోరుబందరు రాజావారి పేరుతో మాత్రం ఏ పురస్కారమూ లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది నాకు. ప్రతి ఏడూ, ప్రతి ఊళ్లో, అడగకుండా కుర్చీ దిగినవాళ్లని ఒక్కొక్కళ్లని వెతికి ఇవ్వాలి. పార్టీల్లో, సంఘాల్లో, మిల్లుల్లో, వంటిళ్లలో వెతకాలి. దొరకని ఏడు ఇవ్వకూడదు. ఆ బహుమతికి బంగారు కప్పు అక్కర్లేదు. ఓ రాగిరేకు మీద "2" అని అంకె చెక్కి ఇస్తే చాలు. అర్థం తెలిసినవాళ్లకి అది సెంచరీ కన్నా ఎక్కువే.